డాన్ బ్రౌన్ థ్రిల్లర్ నవల 'ది లాస్ట్ సింబల్' అంత వేగంగా సాగినా చాలామందిని ఎందుకు నిరాశపరిచింది?

ముఖ్య కారణం ముగింపే (ఇంకా చదవనివారు ఇక్కడే ఆగండి). బ్రౌన్ ముందటి నవల 'ది డావిన్చీ కోడ్' వచ్చిన ఆరేళ్లకు, 2009 సెప్టెంబరులో ఇది విడుదలైతే మొదటి రోజే పది లక్షలకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. వాషింగ్టన్‌లో ఒకే రాత్రి, ఫ్రీమేసన్లనే పాత సోదర సంఘం దాచిన రహస్యం కోసం కథానాయకుడు ప్రొఫెసర్ లాంగ్డన్ పరుగు. చిన్న చిన్న అధ్యాయాలు, ప్రతిదాని చివరా టెన్షన్. పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. కానీ విలన్ కథ ముగిశాక కూడా పేజీలకు పేజీలు తాత్విక చర్చ నడుస్తుంది. అంతగా వెతికిన ఆ రహస్యం, 'పోయిన పదం', చివరికి బైబిల్ అని తేలుతుంది. ఆలోచనగా అది నాకు నచ్చింది, ప్రాణాలొడ్డిన వేటకు తగ్గ ఫలితంగా మాత్రం అనిపించలేదు. పైగా మొదట్లోనే భయంకర దృశ్యం, ఉన్మాది విలన్, లాంగ్డన్ పక్కన తెలివైన మహిళ: పాత నవలల అచ్చే. శ్రద్ధగా చదివితే ఆ విలన్ ఎవరో కూడా ముందే పసిగట్టవచ్చు.