డాక్టర్ సలహా: ఏడో నెలలో తలనొప్పి, ఉంగరం రావట్లేదు.. మామూలేనా?

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 26 ఏళ్లు, మొదటి కాన్పు. మొన్న స్కాన్‌లో 29 వారాలు అన్నారు. మాది తాడేపల్లిగూడెం, పెళ్లయ్యాక హైదరాబాద్‌లో ఉంటున్నాం. పొట్ట మీద చారలు వస్తున్నాయి, బొడ్డు మీదుగా నల్ల గీత వచ్చింది, మెడ కూడా నల్లబడింది, ఏ క్రీమ్ రాసుకోవాలి? కుంకుమపువ్వు పాలు తాగితే బాబు తెల్లగా పుడతాడని అత్తయ్య రోజూ ఇస్తున్నారు, ఎన్ని రోజులు తాగాలి? వచ్చే వారం సీమంతం, అయ్యాక అమ్మావాళ్లు పుట్టింటికి తీసుకెళ్తామంటున్నారు, స్లీపర్ బస్సులో వెళ్లొచ్చా? హాస్పిటల్ బ్యాగులో ఏమేం సర్దుకోవాలి? ఇంకోటి, కాళ్లకి నీరొచ్చింది, వేలి ఉంగరం కూడా రావట్లేదు, కడుపుతో ఉంటే మామూలే అంటున్నారు. పది రోజులుగా సాయంత్రమైతే తలనొప్పి, మెడికల్ షాపులో ఇచ్చిన మాత్ర వేసుకుంటే తగ్గిపోతోంది. - ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, చారలు, కుంకుమపువ్వు తర్వాత చూద్దాం. మీరు చివర్లో "ఇంకోటి" అని ఏదో గుర్తొచ్చినట్టు రాశారు చూడండి, నేను ఆగిపోయింది అక్కడే. పది రోజులుగా తలనొప్పి, ఉంగరం రావట్లేదు, కాళ్లకి నీరు, మొదటి కాన్పు, 29 వారాలు. ఈ మాటలన్నీ ఒక్క మనిషి నోట్లోంచి వస్తే మా ఓపీలో సిస్టర్ నన్ను అడక్కుండానే బీపీ మెషిన్ పట్టుకొచ్చేస్తుంది. మీరు ఇవాళే బీపీ చూపించుకోండి. వచ్చే చెకప్ దాకా కాదు, సీమంతం అయ్యాక కాదు, ఇవాళ. మీ డాక్టర్ దొరక్కపోతే పక్క వీధి క్లినిక్ అయినా పర్లేదు, బస్తీ దవాఖానా అయినా పర్లేదు, బీపీ ఎక్కడ చూసినా బీపీయే. దాంతోపాటు యూరిన్‌లో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందా అని టెస్ట్ చేయమనండి, స్ట్రిప్ ముంచి చూసేది, నిమిషాల్లో తేలిపోతుంది.

పైది 140 గానీ కింది 90 గానీ ఉన్నా, దాటినా అదే రోజు మీ గైనకాలజిస్ట్‌కి ఫోన్ చేసి వెళ్లాలి. పైది 160 గానీ కింది 110 గానీ దాకా వెళ్తే ఇంక ఇంటికి రావడాలు, బట్టలు సర్దుకోవడాలు లేవు, నేరుగా పెద్ద హాస్పిటల్‌కే, బండి లేకపోతే 108. నార్మల్ వస్తే సంతోషం, నిద్ర చాలకా, టైముకి తినకా, కళ్లజోడు నంబర్ మారా, రక్తం తక్కువయ్యా అని అప్పుడు వెతుక్కోవచ్చు. నేను మిమ్మల్ని చూడలేదు కాబట్టి మీకు బీపీ ఉందని అనట్లేదు, లేదని కూడా అనలేను, అంతే.

ఈ బీపీ ముదిరితే వచ్చేదాన్నే పాతకాలంలో గుర్రపువాతం అనేవాళ్లు, కడుపుతో ఉన్న మనిషికి ఉన్నట్టుండి ఫిట్స్ రావడం. ఫిట్స్ దాకా వెళ్లకముందు దశని ప్రీ ఎక్లాంప్సియా అంటాం. సాధారణంగా 20 వారాలు దాటాక మొదలవుతుంది, మొదటి కాన్పులో కాస్త ఎక్కువగా చూస్తాం. మాయకి వెళ్లే రక్తనాళాలు సరిగ్గా తయారవకపోవడం దగ్గర మొదలై తల్లి కిడ్నీలు, లివర్, మెదడు దాకా ఇబ్బంది వస్తుంది, బిడ్డ బరువు పెరగడం తగ్గుతుంది. కష్టం ఏంటంటే చాలామందికి మొదట్లో ఏమీ తెలీదు, బీపీ చూస్తేనే తెలుస్తుంది.

నీరు రావడం మామూలే అన్నవాళ్లది పూర్తిగా తప్పు కాదు. ఏడో నెల తర్వాత సాయంత్రానికి పాదాలు ఉబ్బడం, పొద్దున లేచేసరికి తగ్గడం చాలామందికి ఉండేదే, బరువైన గర్భసంచి కింది రక్తనాళాల మీద పడి రక్తం పైకి ఎక్కడం నెమ్మదిస్తుంది. కానీ చేతి వేళ్లు, మొహం ఉబ్బితే, అదీ నాలుగైదు రోజుల్లోనే వస్తే, వారంలో కిలో దాటి బరువు పెరిగితే అది వేరే లెక్క. మీ ఉంగరం నాకు నచ్చనిది అందుకే. కళ్ల ముందు మెరుపుల్లా రావడం, చూపు మసకబారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, కొత్తగా వాంతులు, యూరిన్ తగ్గిపోవడం, వీటిల్లో ఏది ఉన్నా బీపీ చూపించుకునే దాకా కూడా కాదు, హాస్పిటలే. ఆ పక్కటెముకల నొప్పిని గ్యాస్ అనుకుంటారు. కిందటేడాది ఒకమ్మాయి మూడు రోజులు గ్యాస్ సిరప్ తాగి తాగి వచ్చింది, కూర్చోబెట్టి చూస్తే 170, 110. బిడ్డా తల్లీ బాగానే ఉన్నారు గానీ ఆ రాత్రి నాకు నిద్రలేదు.

బార్లీ నీళ్లు తాగితే నీరు దిగిపోతుందని మీకు ఈపాటికి ఎవరో చెప్పే ఉంటారు. తాగితే తాగండి, నష్టం లేదు, కానీ బీపీ బార్లీకి తగ్గదు. నీళ్లు తాగడం తగ్గించడం, ఉప్పు పూర్తిగా మానేసి చప్పిడి తినడం కూడా అక్కర్లేదు, ఆవకాయ, అప్పడాలు కాస్త తగ్గిస్తే చాలు. నీరు లాగే మాత్ర అంటూ ఎవరైనా ఇస్తే మాత్రం వేసుకోవద్దు.

ఇప్పుడు ఆ తలనొప్పి మాత్ర. ఏ మాత్రో రాయలేదు మీరు. మీకే తెలీదని నా అనుమానం, ఎందుకంటే మెడికల్ షాపువాళ్లు స్ట్రిప్పుని కత్తెరతో కత్తిరించి రెండు మాత్రలు చేతిలో పెడతారు, పేరు ఒకవైపు పోతుంది, ఎక్స్‌పైరీ ఇంకోవైపు పోతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఏం వేసుకున్నావమ్మా అంటే తెల్లగా గుండ్రంగా ఉంటుంది మేడమ్ అంటారు! తెల్లగా గుండ్రంగా ఉండేవి వందలున్నాయి తల్లీ. అది ఉత్త పారాసెటమాల్ అయితే కొంత నయం. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందుల్ని పారాసెటమాల్‌తో కలిపి ఒకే మాత్రగా కూడా అమ్ముతారు, ఒంటినొప్పులకి తలనొప్పికి అడిగితే చేతికి వచ్చేది చాలాసార్లు అదే. 20 వారాలు దాటిన గర్భిణులు వీటికి దూరంగా ఉండాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లోనే హెచ్చరిక ఇచ్చింది. కడుపులో బిడ్డ కిడ్నీల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గించగలవు, ఏడో నెల దాటాక అయితే బిడ్డ గుండె దగ్గర పుట్టేదాకా తెరిచి ఉండాల్సిన రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. మీరు సరిగ్గా ఆ దగ్గర్లోనే ఉన్నారు.

భయపెట్టడానికి రాయట్లేదు. పది రోజుల్లో నాలుగైదు మాత్రలు వేసుకున్నంత మాత్రాన ఏదో అయిపోయిందని ఏడుస్తూ కూర్చోవద్దు, ఖాళీ స్ట్రిప్ ఉంటే తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి, లేకపోతే ఆ షాపుకే వెళ్లి పేరు కాగితం మీద రాయించుకోండి. ఎన్ని వేసుకున్నారో దాచకుండా చెప్పండి, తిడతారని రెండే అని చెప్పకండి. అవసరమనిపిస్తే ఉమ్మనీరు ఎంతుందో స్కాన్‌లో చూస్తారు. మీ డాక్టర్ ముందే ఏదైనా కారణంతో తక్కువ డోసు ఆస్పిరిన్ రాసి ఉంటే అది వేరు, ఇది చదివి దాన్ని ఆపేయొద్దు, ఆవిడని అడగండి.

సరే, పారాసెటమాలే అనుకుందాం. అప్పుడూ నా గొడవ తీరదు. మాత్ర తలనొప్పిని తగ్గిస్తుంది, బీపీని తగ్గించదు. మీరేమో తగ్గిపోతోంది కదా అని పది రోజులు డాక్టర్‌కి చెప్పలేదు, నాకు కూడా ఉత్తరం చివర చెప్పారు. ఇద్దరూ ఉద్యోగాలు చేసుకుని ఫోన్లో అన్నీ చదివే పిల్లలు కూడా ఇలాగే చేస్తారు, సీమంతానికి కేక్ ఏ బేకరీలో ఆర్డర్ ఇవ్వాలో మూడు వారాలు వెతుకుతారు గానీ తలనొప్పికి మాత్రం మెడికల్ షాపు కుర్రాడే డాక్టర్. ఏడో నెలలో వచ్చిన కొత్త తలనొప్పికి మొదటి మందు బీపీ చూసుకోవడం, మాత్ర ఆ తర్వాత.

మీ ప్రశ్నలకి వస్తున్నా, బయట పేషెంట్లు ఎదురుచూస్తున్నారు కాబట్టి టూకీగా. నల్ల గీత, మొహం మీద మంగు హార్మోన్ల వల్ల వస్తాయి, కాన్పయ్యాక నెలలు పట్టినా చాలావరకు వాటంతటవే వెలిసిపోతాయి. చారలు పూర్తిగా పోగొట్టే క్రీమ్ అంటూ లేదు, ఎర్రగా ఉన్నవి తర్వాత తెల్లబడి సన్నబడతాయి, దురదగా ఉంటే కొబ్బరి నూనె చాలు. ఫెయిర్‌నెస్ క్రీములు, స్టెరాయిడ్ ట్యూబులు, మొటిమల మందులు ఇప్పుడు ముట్టుకోవద్దు. దురద అరచేతుల్లో అరికాళ్లలో ఎక్కువై రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వకపోతే, ఒంటి మీద దద్దుర్లు లేకపోయినా సరే, అది చర్మం గొడవ కాకపోవచ్చు, లివర్ టెస్ట్ చేయించాలి. మెడ నలుపు పెళ్లికి ముందు నుంచే మందంగా ఉండి ఇప్పుడు పెరిగితే షుగర్ వైపు చూడాలి. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత రక్తం తీసే టెస్ట్ 24 నుంచి 28 వారాల మధ్య చేస్తాం, మీది దాటిపోయింది, చేయించారో లేదో రాయలేదు. చేయించకపోతే బీపీతో పాటే అదీ అడగండి. హిమోగ్లోబిన్ కూడా చూడమనండి, 11 ఉండాలి.

కుంకుమపువ్వుతో రంగు రాదు, రంగు మీ ఇద్దరి నుంచి వస్తుంది. కానీ అత్తగారు ప్రేమగా ఇస్తున్న పాలు మానొద్దు, రెండు రేకులు వేసుకుంటే నష్టం లేదు, పాలు ఎలాగూ మంచివే. ఐరన్ మాత్ర మాత్రం ఆ పాలతో వేసుకోవద్దు, కాల్షియంతో కలిపి వద్దు, టీ తాగిన వెంటనే అసలే వద్దు, ఒంటికి పట్టదు. నిమ్మరసంతోనో జామకాయ తినో వేసుకోండి, మోషన్ నల్లగా వస్తే కంగారు పడకండి. ఇంకో మాట, "బాబు పుడతాడని" అని రాశారు. మాటవరసకే అనుకుంటున్నా. ఎవరైనా స్కాన్‌లో చూసి చెప్పి ఉంటే అది 1994 చట్టం ప్రకారం నేరం, చెప్పినవాళ్లకీ అడిగినవాళ్లకీ.

సీమంతం బీపీ బాగుంటే హాయిగా చేసుకోండి. గంటల తరబడి నిలబెట్టొద్దని మీవాళ్లకి ముందే చెప్పండి, పేరంటాళ్లు ఏమీ అనుకోరు, మధ్యలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చోండి. గాజులు ఒక సైజు పెద్దవి తెప్పించండి, ఉబ్బిన చేతికి పాత సైజు తోస్తే మణికట్టు కమిలిపోతుంది, పైగా తర్వాత అవి రావు. స్వీట్ల సంగతి షుగర్ టెస్ట్ వచ్చాక మాట్లాడుకుందాం.

స్లీపర్ బస్సు కంటే రైలు మేలు, బాత్రూం ఉంటుంది, లేచి నాలుగడుగులు నడవొచ్చు. లోయర్ బెర్త్ అడిగి తీసుకోండి, గర్భిణులకి రైల్వేలో ఆ వీలుంది. బస్సే తప్పకపోతే పై బెర్త్ మాత్రం ఎక్కొద్దు. యూరిన్ ఆపుకోవాల్సొస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు ప్రయాణాల్లో, ఇన్ఫెక్షన్ తెచ్చుకునేది అక్కడే. బీపీ తేలకుండా మాత్రం ప్రయాణం వద్దు. ఊరెళ్లిన వారంలోనే కాన్పు చేసే డాక్టర్ని కలవండి, రక్తం దొరుకుతుందా, పిల్లల డాక్టర్ ఉంటారా అడగండి. నొప్పులు మొదలయ్యాక కొత్త డాక్టర్ మొహం చూసే పని పెట్టుకోవద్దు, ఆ రాత్రి మీ ఫైలు మొదటి పేజీ నుంచి చదివే తీరిక ఎవరికీ ఉండదు.

బ్యాగు 35వ వారానికి సర్దుకుంటే చాలు. అన్నిటికంటే పైన ఫైలు: స్కాన్లు, బ్లడ్ గ్రూపు, ధనుర్వాతం రాకుండా వేసే టీడీ ఇంజెక్షన్ల తేదీలు, ఆధార్. తర్వాత ముందు బటన్లున్న నైటీలు, పెద్ద ప్యాడ్లు, బిడ్డకి టోపీ, సాక్సులు, మెత్తని పాత చీర ముక్కలు. పుట్టకముందు కొత్త బట్టలు కొనకూడదంటారు కదా, మాకూ అదే ఇష్టం, పాతవి ఉతికి ఎండలో ఆరేసి తెండి. తేనె సీసా, పాలపొడి డబ్బా పెట్టకండి, మొదటి గంటలోనే మీ పాలు పట్టించాలి.

మిగతావి, అంటే మాటిమాటికీ యూరిన్, ఛాతీలో మంట, నడుము నొప్పి, కాస్త ఆయాసం, తెల్లబట్ట కాస్త పెరగడం, వాసన లేకపోతే, ఇవి రాలేదు మీ ప్రశ్నలో, వచ్చినా మామూలే. రాయాల్సింది ఒకటి రాయలేదు, బిడ్డ కదలికలు. రోజూ భోంచేశాక ఎడమ వైపు తిరిగి పడుకుని లెక్కపెట్టండి, రెండు గంటల్లో 10 తగలకపోయినా, రోజూ ఉండేదానికంటే తగ్గినట్టు మీకే అనిపించినా అదే రోజు వెళ్లాలి, చల్లనీళ్లు తాగి చూద్దాం, రేపు చూద్దాం అనొద్దు.

ఆ ఉంగరం కూడా ఇవాళే తీసేయండి. చెయ్యి కాసేపు పైకెత్తి ఉంచి, సబ్బు నురగ బాగా పట్టించి, లాగకుండా తిప్పుతూ తీయాలి. రాకపోతే బీపీకి వెళ్లినప్పుడు అక్కడే చెప్పండి. మా క్యాజువాలిటీలో కట్టర్ ఉంది గానీ, పెళ్లి ఉంగరం కొయ్యమంటే అమ్మాయిలు బీపీ కంటే దానికే ఎక్కువ ఏడుస్తారు.