విడాకుల సమన్లు వచ్చాయి, లాయరును పెట్టుకునే స్తోమత లేదు

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. పెళ్లయి 9 ఏళ్లు, ఏడేళ్ల పాప ఉంది. గొడవలు భరించలేక రెండున్నరేళ్లుగా పుట్టింట్లోనే ఉంటూ ఓ ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేస్తున్నాను. జీతం 14 వేలు. నా భర్త హైదరాబాద్‌ ఫ్యామిలీ కోర్టులో విడాకుల కేసు వేశారు. నేనే ఆయన్ని వదిలేసి వెళ్లానని, క్రూరంగా ప్రవర్తించానని అందులో రాశారు. వాయిదాకు ఇంకా 18 రోజులే ఉంది. ‘నువ్వు వెళ్లకపోతే కేసు దానంతటదే పోతుంది’ అంటున్నాడు మా అన్నయ్య. మా బావగారేమో ‘మా లాయరే నీ తరఫున కూడా చూస్తాడు, ఒప్పుకుని సంతకం పెట్టు, 5 లక్షలు ఇప్పిస్తాం’ అంటున్నారు. లాయరు ఫీజు ఇచ్చుకునే పరిస్థితి నాకు లేదు. జీతం ఉంది కాబట్టి ఉచిత న్యాయ సహాయం రాదని కూడా అన్నారు. ఏం చేయమంటారు? - ఒక సోదరి

జవాబు: అమ్మా, మీకు ఈ మూడు మాటలూ చెప్పినవాళ్లు ఏ ఉద్దేశంతో చెప్పారో గానీ, మూడూ తప్పే. చివరి మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987లో 12వ సెక్షన్ ఉంది. ఉచిత న్యాయ సహాయం ఎవరికి దొరుకుతుందో అందులో వరసగా చెప్పారు. ఆదాయ పరిమితి ఆ వరసలో ఒక అంశం మాత్రమే. స్త్రీలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లు విడిగా వస్తారు. వాళ్లకు ఆదాయంతో పని లేదు. మీకు 14 వేలు వచ్చినా 40 వేలు వచ్చినా, స్త్రీ కావడమే మీ అర్హత. ఇది ఎవరి దయా కాదు. రాజ్యాంగంలోని 39-ఎ అధికరణం రాజ్యం మీద పెట్టిన బాధ్యత. ‘ఉచితం’ అనే మాట వినగానే మన ఆడవాళ్లు తలవంచుకుని నిలబడటం నేను చాలాసార్లు చూశాను. దయచేసి మీరలా నిలబడకండి.

రేపే ఖమ్మం జిల్లా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లండి. మీ మండలంలో కోర్టు ఉంటే అక్కడి మండల న్యాయసేవా కమిటీకి వెళ్లినా సరే. తెల్లకాగితం మీద మీ పేరు, చిరునామా, కేసు నంబరు, వాయిదా తేదీ, మీకేం కావాలో రాసి ఇవ్వండి. తెలుగులో రాయండి, చాలు. సమన్ల జిరాక్సు, ఆధార్ జిరాక్సు జతచేయండి. కేసు హైదరాబాద్‌లో ఉంది కదా అని మీరు అక్కడిదాకా పరుగెత్తక్కర్లేదు. దరఖాస్తు ఖమ్మంలో తీసుకుని అక్కడికి పంపిస్తారు. ఏదైనా అడ్డంకి వస్తే 15100కు ఫోన్ చేయండి, టోల్ ఫ్రీ. లాయరు ఫీజే కాదు, కోర్టు ఫీజు, టైపింగు, సర్టిఫైడ్ కాపీల ఖర్చు కూడా ఆ సంస్థే చూసుకుంటుంది.

ఉచిత లాయరు సరిగ్గా పట్టించుకుంటారా అన్న అనుమానం మీకు రావచ్చు. నిజం చెప్పాలంటే అందరూ ఒకేలా ఉండరు, అది ఫీజు తీసుకునే లాయర్లలోనూ ఉన్నదే. కానీ ఇక్కడ మీకొక రక్షణ ఉంది. ప్యానెల్ లాయరు, అంటే ఆ సంస్థ మీకు నియమించే లాయరు, మీ దగ్గర ఒక్క రూపాయి కూడా అడగకూడదు, తీసుకోకూడదు. అడిగితే అదే సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. వాయిదాలకు రాకపోయినా, ఫోన్ ఎత్తకపోయినా లాయరును మార్చమని అడగండి. లాయరును నియమించాక పత్రాలు పట్టుకుని వెళ్లి ఓ గంట కూర్చోవడం మాత్రం మీ పని. కేసు గురించి మీకు తెలిసినంత లాయరుకు తెలియదు.

ఇక మీ అన్నయ్యగారి మాట. సమన్లు తీసుకోకపోతేనో, కోర్టుకు వెళ్లకపోతేనో కేసు ఆగిపోతుందన్న నమ్మకం మన ఊళ్లలో ఇంకా పోలేదు. పోస్టులో వచ్చిన కవరును తిప్పి పంపినా, ‘తీసుకోవడానికి నిరాకరించారు’ అని దాని మీద రాసి వస్తే, సమన్లు అందినట్టే కోర్టు లెక్కేస్తుంది. తర్వాత మిమ్మల్ని ఎక్స్‌పార్టీ చేసి, మీ భర్త చెప్పింది మాత్రమే విని డిక్రీ ఇచ్చేయొచ్చు. కొన్నేళ్ల క్రితం ఒకావిడ నా దగ్గరికి వచ్చారు. చీర కొంగులోంచి మడత పెట్టిన కవరు తీసి బల్ల మీద పెట్టారు. ఆ కవరుకు వేసిన జిగురు కూడా ఊడలేదు. విడాకులు మంజూరై అప్పటికే ఐదు నెలలు గడిచాయి. ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయమని అడగడానికి గడువు 30 రోజులు. సమన్లే సక్రమంగా అందని వాళ్లకైతే తెలిసిన రోజు నుంచి లెక్క. ఆవిడకు సమన్లు అందాయి, తెరవలేదు అంతే. ఆలస్యాన్ని మన్నించమంటూ ఇంకో పిటిషన్ వేసి, అది తేలేదాకా ఏడాదిపైగా తిరిగాం. మీరు ఆ కవరు తెరిచారు, చదివారు. అందుకు సంతోషంగా ఉంది.

బావగారి మాట దగ్గర కాస్త గట్టిగానే చెప్పాలి. మీ భర్త తరఫున పిటిషన్ రాసిన లాయరు అదే వ్యవహారంలో మీ తరఫున నిలబడకూడదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనలు ఈ విషయాన్ని స్పష్టంగా చెబుతున్నాయి. ఆయన మంచివాడే కావచ్చు. కానీ ఆయన బాధ్యత మీ భర్త పట్ల. ‘ఒప్పుకుని సంతకం’ అంటే వాళ్లు అడుగుతున్నది పరస్పర అంగీకార విడాకులు, హిందూ వివాహ చట్టం 13-బి సెక్షన్. అది తప్పుడు దారేమీ కాదు. కలిసి ఉండటం సాధ్యం కాదని ఇద్దరికీ అనిపిస్తే, ఏళ్ల తరబడి ఒకరి మీద ఒకరు ఆరోపణలు చేసుకోవడం కంటే నేను కూడా దాన్నే ఇష్టపడతాను. అయితే ఆ కాగితంలో ఏముందో చూడాలి. ‘నా బంగారం, సామాను మొత్తం ముట్టింది, భరణం అడగను, పాప విషయంలో ఎలాంటి హక్కూ కోరను’ అనే వాక్యాలు మూడో పేజీలోనో నాలుగో పేజీలోనో ఉంటాయి. చదవకుండా సంతకం పెట్టి తర్వాత ఏడ్చినవాళ్లను చూశాను. ఖాళీ కాగితం మీదైతే ఎవరు అడిగినా, ఎంత దగ్గరివాళ్లు అడిగినా, సంతకం పెట్టొద్దు.

ఒకవేళ ఆ దారిలో వెళ్లాలనుకుంటే, పిటిషన్ వేశాక మామూలుగా ఆరు నెలల వ్యవధి ఉంటుంది. తగిన పరిస్థితుల్లో కోర్టు దాన్ని తగ్గించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. డిక్రీ వచ్చేలోపు మనసు మారితే అంగీకారాన్ని వెనక్కి తీసుకునే హక్కు మీకుంది. 5 లక్షలు తక్కువా ఎక్కువా అన్నది ఆయన ఆదాయం, ఆస్తులు తెలియకుండా నేను చెప్పలేను, మీరూ ఒప్పుకోలేరు. 2020 నవంబరులో రజనేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు, భరణం కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలను అఫిడవిట్‌లో ఇవ్వాలని చెప్పింది. ముందు ఆ కాగితం బయటికి రానివ్వండి, బేరం తర్వాత. ఇంకొకటి, మీరు మీ భరణం వదులుకున్నా పాప హక్కు వదిలేయడానికి మీకు అధికారం లేదు.

కేసు నడిచేటప్పుడు మీకు రావాల్సినవి కూడా ఉన్నాయి. హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం, కేసు ఖర్చులు అడగవచ్చు. భర్తకు నోటీసు అందాక వీలైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలని చట్టమే చెబుతోంది. ఆచరణలో ఆలస్యమవుతుంది, అందుకే మొదటి వాయిదాకే పిటిషన్ వేయించండి. ఉద్యోగం ఉన్నంత మాత్రాన భరణం రాదనేది కూడా అపోహే. మీ జీతాన్ని లెక్కలోకి తీసుకుంటారు, అంతే. ఏడేళ్ల పాపతో ప్రతి వాయిదాకూ హైదరాబాద్ వెళ్లలేనంటూ కేసును ఖమ్మానికి బదిలీ చేయమని తెలంగాణ హైకోర్టును అడగవచ్చు. దానికీ హైకోర్టు న్యాయసేవా కమిటీ ద్వారా ఉచితంగా లాయరును ఇస్తారు. మీరు పుట్టింటికి రావడానికి కారణం కొట్టడమో, కట్నం కోసం వేధించడమో అయితే, 2005 నాటి గృహహింస చట్టం కింద వేరే రక్షణలు ఉన్నాయి. ఆ సంగతి లాయరుతో దాచకుండా చెప్పండి.

ఈ రాత్రి ఒక పని చేయండి. సమన్లతో వచ్చిన పిటిషన్‌లో పేరాలకు నంబర్లుంటాయి. పెన్సిల్ తీసుకుని ప్రతి పేరా పక్కన ‘నిజం’, ‘అబద్ధం’, ‘తెలియదు’ అని రాయండి. అబద్ధం అని రాసిన చోట అసలేం జరిగింది, ఏ నెలలో, అప్పుడు ఎవరున్నారు అన్నది వేరే నోటు పుస్తకంలో రాసుకోండి. ఆ పిటిషన్‌కు జవాబుగా మీ లాయరు రాసే కౌంటర్ కూడా పేరా తర్వాత పేరాగా ఇదే వరసలో నడుస్తుంది. ఆయన మీ మీద వేసిన ప్రధాన ఆరోపణ వదిలి వెళ్లారన్నది. కారణం లేకుండా రెండేళ్లకు తక్కువ కాకుండా వదిలి ఉంటేనే అది విడాకులకు ఆధారం. మీకు రెండున్నరేళ్లయింది కాబట్టి, ఎందుకు రావాల్సి వచ్చింది, మళ్లీ కలపడానికి పెద్దమనుషులు ఎప్పుడెప్పుడు కూర్చున్నారు, వాట్సాప్‌లో మీరేం పంపారు అన్నవే మీ కేసుకు ప్రాణం. ఫోన్ మార్చకండి, మెసేజీలు చెరిపేయకండి.

వాయిదా నాటికి లాయరు ఇంకా ఖరారు కాకపోయినా మీరు మాత్రం వెళ్లండి. పేరు పిలిచినప్పుడు జడ్జిగారి ముందు నిలబడి, న్యాయ సహాయానికి దరఖాస్తు చేశానని, కౌంటర్‌కు సమయం కావాలని తెలుగులోనే చెప్పండి. ఫ్యామిలీ కోర్టులో లాయరు మీ తరఫున హాజరవ్వాలంటే కోర్టు అనుమతి కావాలి, మామూలుగా ఇస్తారు. కౌన్సెలింగ్‌కు పంపితే భయపడకండి, అక్కడ మీ మీద తీర్పేమీ చెప్పరు. న్యాయసేవాధికార సంస్థలో ఇచ్చిన దరఖాస్తు కాపీ మీద స్టాంపు వేయించుకుని, ఆ రోజు దాన్ని మీ బ్యాగులో ఉంచుకోండి.