పాత కోర్టన్-షార్లమేన్ రంగు ముదిరింది, తాగొచ్చా?

2008 కోర్టన్-షార్లమేన్ (ఫ్రాన్స్‌లో బర్గండీ ప్రాంతపు వైట్ వైన్, 2008 పంటది) బాటిల్ గిఫ్టొచ్చింది, బంగారం రంగులోకి తిరిగింది, పాడైందా అనేగా మీ డౌటు. రంగు చూసి మాత్రం పారబోయకండి బాబూ, దీన్ని చేసేది షార్డనే అనే తెల్లద్రాక్షతో, ఆ వైన్ వయసయ్యేకొద్దీ ముదురు పసుపుకి తిరగడం మామూలే. బ్రౌన్‌లోకి దిగిపోతేనే అనుమానించాలి.

నేను తాగింది అదే కోర్టన్ కొండ వైన్, 2010 పంటది. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోస్తే నిమ్మతొక్క, అప్పుడే గీసిన అగ్గిపుల్ల వాసన, అంతే, పక్కనున్న ఫ్రెండయితే ఇంత ఖరీదు దీనికా అనేశాడు. అరగంట గ్లాసులో అలా వదిలేశాక మొదలైంది అసలు సంగతి, ముందు వేయించిన హేజెల్‌నట్, తర్వాత తేనె, కాల్చిన బ్రెడ్డు మీద వెన్న, చివర్లో కొంచెం పుట్టగొడుగు వాసన కూడా. ముక్కుకి తేనె తగులుతుంటే నోట్లో తీపి వస్తుందనుకుంటాం కదా, చుక్క తీపుండదు, సన్నటి పులుపు నాలుక చివరిదాకా లాక్కెళ్తుంది. ఆ తేడా కోసమే నేను పాత షార్డనే తాగేది, కొత్తదాంట్లో పండు, ఓక్ చెక్క పీపా వాసనే ముందుకొస్తాయి.

ఆ పులుపు నిలబడ్డానికి కారణం ఆ కొండే. బర్గండీలో కోర్టన్ కొండ పైభాగంలో సున్నపురాయి కలిసిన తెల్లమట్టి, పెర్నాండ్-వెర్జెలెస్ వైపు తోటలు పడమటికి తిరిగి ఉంటాయి కాబట్టి పొద్దుటెండ ఆలస్యంగా పడుతుంది, పండు నిదానంగా పండుతుంది. పైగా మీ 2008 అక్కడ పులుపు గట్టిగా ఉన్న ఏడాది, అది మీకు ప్లస్సే. (షార్లమేన్ చక్రవర్తి తెల్లగడ్డానికి రెడ్ వైన్ మరకలవుతున్నాయని భార్య గోల పెడితే ఇక్కడ తెల్లద్రాక్ష వేయించాడని కథ, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.)

భయపడాల్సింది ఒక్కటే, ప్రీమాక్స్ అంటారు, అంటే టైమ్ కంటే ముందే గాలి తగిలినట్టు ముసలైపోవడం. 1990ల మధ్యలో తయారైన బర్గండీ వైట్స్‌తో ఈ గొడవ బయటపడింది, తర్వాతి ఏళ్లవాటిలోనూ వచ్చింది, ఒకే పెట్టెలో ఒక బాటిల్ అద్భుతంగా ఉండి పక్కది చచ్చిపోయి ఉండొచ్చు. నల్లబడిన ఆపిల్ ముక్క వాసన, షెర్రీ (స్పెయిన్ ఘాటు వైన్) వాసన వచ్చి నోట్లో చప్పగా ఉంటే అదే, ఎంతసేపు ఆగినా బాగుపడదు. అడుగున గాజుపొడిలా మెరిసేవి కనిపిస్తే మాత్రం కంగారొద్దు, వైన్‌లో ఉండే టార్టరిక్ యాసిడ్ లవణం గడ్డకట్టి అలా తయారవుతుంది, ఏమీ కాదు.

12-14 డిగ్రీల దగ్గర, పెద్ద పొట్ట ఉన్న గ్లాసులో కొంచెం కొంచెంగా పోసుకోండి. కార్కు పాతది, మెల్లిగా తియ్యాలి. డికాంటర్ (గాలి తగలడానికి వైన్ ఒంపే వెడల్పు గాజుకూజా) నేనైతే వాడను, ఇంత వయసుదానికి గ్లాసులో తగిలే గాలి చాలు. బాగుంటే ఒక గ్లాసు మిగిల్చి కార్కు పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు చూడండి, నా 2010 అయితే రెండోరోజే ఎక్కువ నచ్చింది.