పేరు కోసం అంత మథనం నిజంగా ఉంటుందా?

ప్రవాస భారతీయుల నవలల్లో పాత్రలు పేరు గురించీ ‘నేనెవరు’ అన్నదాని గురించీ పేజీలకు పేజీలు మథనపడతాయి, మంచి జీతాలున్నవాళ్ళకు ఆ బాధ నిజంగా ఉంటుందా అని అడిగారు. నేను న్యూజెర్సీకి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. నా సంగతి చెబుతాను.

బెంగాలీ మూలాలున్న అమెరికా రచయిత్రి ఝుంపా లాహిరి నవల ‘ది నేమ్‌సేక్’ 2003లో వచ్చింది. మొదటిసారి చదివినప్పుడు నేనూ మీలాగే విసుక్కున్నాను. అమెరికాలో బెంగాలీ దంపతులకు కొడుకు పుడతాడు. ఇంట్లో పెద్దావిడ పేరు రాసి కలకత్తా నుంచి పంపిన ఉత్తరం చేరదు. పేరు రాయందే ఆసుపత్రి వాళ్ళు బిడ్డను పంపరు. ప్రస్తుతానికి ఉండనిమ్మని తండ్రి తన అభిమాన రష్యన్ రచయిత గోగోల్ పేరు రాస్తాడు. అదే అంటుకుపోతుంది. పెద్దవాడయ్యాక ఆ పేరు భరించలేక కుర్రాడు కోర్టుకు వెళ్ళి నిఖిల్ అవుతాడు. దీనికి ఇంత పుస్తకమా అనుకుని పక్కన పెట్టేశాను.

అప్పటికే నా పేరు కూడా పోయింది. నేను గమనించలేదు, అంతే. మన తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందుంటుంది, అదీ చాలామందికి ఒక పొడి అక్షరం. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, పేరు దగ్గర వెంకటేశ్వరరావు అని రాశాను. ఉన్నది ఒక్క పేరే అయితే అమెరికా వీసాలో దాన్నే ఇంటిపేరు చేసి, సొంత పేరు ఉండవలసిన చోట ‘ఎఫ్.ఎన్.యు.’ అని వేస్తారు. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. ఆ మూడు అక్షరాలూ వీసా నుంచి డ్రైవింగ్ లైసెన్సుకు, అక్కడి నుంచి బ్యాంకుకు, బీమా కార్డుకు పాకాయి.

ఒకరోజు పళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నాం. ఒకమ్మాయి తలుపు తీసి “ఫ్నూ!” అని పిలిచింది. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచింది. ఎదురుగా కూర్చున్న చైనా పెద్దాయన నావైపు చూశాడు, నేను ఆయనవైపు చూశాను. మూడోసారి “ఫ్నూ వెంకా...” అంటూ ఆగిపోయింది. అప్పుడు లేచాను. పక్కనున్న మా ఐదేళ్ళ అమ్మాయికి అది భలే నచ్చింది, ఇంటికి చేరేదాకా నన్ను ఫ్నూ అనే పిలిచింది. నేనూ నవ్వాను. ఆ రాత్రి మాత్రం అటక మీది అట్టపెట్టెలోంచి ఆ నవల బయటికి తీశాను.

రెండోసారి చదివితే మొదటి పేజీ దగ్గరే ఆగిపోయాను. 1968 ఆగస్టు. నిండు చూలాలైన గోగోల్ తల్లి అషిమా వంటింట్లో నిలబడి, అమెరికాలో పొద్దున పాలలో వేసుకు తినే మరమరాల్లాంటి రైస్ క్రిస్పీస్‌లో వేరుశనగ పప్పు, ఉల్లిపాయ ముక్కలు కలుపుతుంటుంది. కలకత్తా వీధుల్లో అమ్మే మరమరాల చిరుతిండి అది, మన పిడత కింద పప్పుకు చుట్టం. ఆవనూనె ఉంటే బాగుండునని ఆమెకు అనిపిస్తుంది. ‘రెండు సంస్కృతుల మధ్య సంఘర్షణ’ అని సెమినార్లలో అంటారే, దగ్గరికి వెళ్ళి చూస్తే అది ఇంతే ఉంటుంది. మా ఆవిడ మైక్రోవేవ్ మీది గడియారాన్ని ఏళ్ళ తరబడి ఇండియా టైముకే ఉంచింది. ఎందుకని ఆమెను అడగాలని నాకు ఎప్పుడూ తోచలేదు. తర్వాత లాహిరి కథ ఒకదానిలో, 1971 బంగ్లాదేశ్ యుద్ధకాలంలో అమెరికాలో ఉంటూ జేబు గడియారాన్ని ఢాకా టైముకు పెట్టుకుని భోజనానికి కూర్చునే మనిషిని చూసినప్పుడు అర్థమైంది.

అలాగని ఈ నవలలే ప్రవాసమంతా అనుకోకండి. 1965 నాటి అమెరికా వలస చట్టం తలుపు తెరిచాక వెళ్ళిన చదువుకున్నవాళ్ళ లోకం లాహిరిది. అంతకు చాలాముందే కరీబియన్ దీవి ట్రినిడాడ్ లాంటి చోట్ల చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్ళినవాళ్ళున్నారు. వాళ్ళ సంతతి గురించి, ఆ సంతతివాడే అయిన రచయిత వి.ఎస్. నైపాల్ 1961లో రాసిన నవల ‘ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిస్వాస్’లో కథానాయకుడికి ఇండియా బెంగ లేదు. అత్తవారి పంచ వదిలి ట్రినిడాడ్‌లోనే సొంత ఇల్లు కావాలి, అదీ అతని ఆరాటం. లాహిరి దగ్గర నాకు లోటనిపించేది కులం. ఆమె పాత్రల ఊసులో అది దాదాపు వినబడదు. ఇక్కడి మన విందుల్లో ఒక గంట కూర్చుంటే చాలు, వినబడుతుంది. 1998 నుంచి నెట్‌లో వస్తున్న ‘ఈమాట’ పత్రికలోని తెలుగు కథలూ చదవండి. ఆవకాయ అంటే ఏమిటో ఇంగ్లీషు పాఠకుడికి విప్పి చెప్పవలసిన పని ఆ రచయితలకు లేదు. ఆ తేడా వాక్యంలోనే తెలుస్తుంది.

పౌరసత్వ దరఖాస్తులో పేరు మార్చుకుంటారా అని ఒక ప్రశ్న ఉంటుంది. 2016లో నేను అవునని రాశాను. ప్రమాణం చేసిన రోజున న్యాయమూర్తి ఖాయం చేశారు, ఫ్నూ పోయాడు. సర్టిఫికెట్ ఫొటో తీసి అమ్మకు పంపాను. కాసేపటికి ఫోను చేసింది.

“ఒరేయ్, మన ఇంటిపేరు చివరికి పోయిందేమిటిరా? ముందు కదా ఉండాలి!”

ఇక్కడ అంతేనమ్మా అన్నాను.