మన్‌స్టర్స్ బొమ్మ మీద 1964 అని ఉంటే అది ఒరిజినలేనా?

మీరడిగినవి రెండు కదండీ, ద మన్‌స్టర్స్ సీరియల్ (భూతాల్లా కనిపించే ఓ కుటుంబం మీద తీసిన అమెరికా టీవీ కామెడీ) పాత బొమ్మలు కలెక్ట్ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, 1964 అని అచ్చేసి ఉన్నవన్నీ అప్పటివేనా అని. రెండోదానికి ముందు చెప్పేస్తా, కాదు. ఆ సంవత్సరం కాపీరైట్‌ది, బొమ్మ ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చిన ఏడాది కాదు. పాత డిజైన్‌ని మళ్లీ వేసినప్పుడు ఆ లైను కూడా దాంతో పాటే వచ్చేస్తుంది. అమ్మేవాడు అబద్ధం చెప్తున్నాడనుకోనక్కర్లేదు, చాలామందికి నిజంగానే తెలీదు.

అమెరికా వచ్చిన కొత్తలో రాత్రిళ్లు రీరన్స్ చూసి చూసి నాకు ఈ పిచ్చి పట్టింది, ఇక్కడి టాయ్ షోలు, ఫ్లీ మార్కెట్లు, ఎస్టేట్ సేల్స్ తిరుగుతూనే ఉన్నా. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఈ సీరియల్ నడిచింది రెండే సీజన్లు, సీబీఎస్ చానెల్లో 1964 సెప్టెంబర్ నుంచి 1966 మే దాకా, మొత్తం 70 ఎపిసోడ్లు. వారం కూడా తేడా లేకుండా ఏబీసీ చానెల్లో ఇలాంటిదే ఆడమ్స్ ఫ్యామిలీ అనే సీరియల్ మొదలైంది, అది కూడా 1966లోనే ఆగిపోయింది. కాబట్టి అసలు సరుకంతా దాదాపుగా 1964, 65ల్లో వచ్చిందే. తమాషా ఏంటంటే రెమ్కో, ఆరోరా లాంటి కంపెనీలు ఈ రెండు ఫ్యామిలీల బొమ్మలూ చేశాయి, అందుకే ఒకటి వెతుకుతుంటే రెండోది ఎదురవుతూ ఉంటుంది, పర్సు జాగ్రత్త.

ఇంకో సంగతి నాకు భలే నచ్చుతుంది. సీరియల్ వచ్చింది బ్లాక్ అండ్ వైట్‌లో. ఆ కుటుంబంలో నాన్న హెర్మన్ మొహం ఏ రంగులో ఉంటుందో టీవీలో చూసే పిల్లలకి తెలిసే చాన్సే లేదు, 1966లో కలర్ సినిమా వచ్చేదాకా వాళ్లకి రంగుల్లో కనిపించిన హెర్మన్ అంటే ఈ బొమ్మలూ, డబ్బాలూ, పుస్తకాల అట్టల మీదున్నవాడే. అందుకే ఒక్కో కంపెనీ వేసిన రంగు ఒక్కోలా ఉంటే కంగారుపడి డూప్లికేట్ అనేసుకోకండి.

ఇప్పుడు ఒరిజినల్ పట్టుకోవడం సంగతి. అట్టపెట్టెలు, కార్డులు, బోర్డ్ గేమ్స్ లాంటి కాగితం సరుకైతే చేతిలో ఒక లూప్ ఉండాలి, అంటే కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం, నేను జేబులో అదిలేకుండా ఏ షోకీ వెళ్లను. పెట్టె మీద వేసిన చిత్రం మీద కాదు, దాని మీదున్న అన్నిటికన్నా చిన్న నల్ల అక్షరాల మీద పెట్టి చూడండి. ప్రెస్‌లో అచ్చైన అసలుదాంట్లో ఆ అక్షరం నిండు నలుపుగా, అంచులు తెగినట్టు నీట్‌గా ఉంటుంది. స్కాన్ చేసి మళ్లీ ప్రింట్ తీసినదైతే ఆ అక్షరమే రంగు చుక్కలుగా విడిపోయి, అంచు మసకబారి కనిపిస్తుంది. మొన్న ఒక షోలో హాస్‌బ్రో గేమ్ పెట్టె ఒకటి ఇలాగే చూశా, అట్ట నిజంగా పాతదే, పసుపు తిరిగిన వాసనతో సహా, కానీ పైన అతికించిన బొమ్మ కాగితం మాత్రం కొత్తది. సీరియల్ తీసిన కేరో-వ్యూ ప్రొడక్షన్స్ పేరున్న కాపీరైట్ లైను చుక్కలు చుక్కలుగా ఉంది. టేబుల్ దగ్గర కూర్చున్న పెద్దాయనకి లూప్ ఇచ్చి చూపిస్తే ఆయనే అవాక్కయి వెంటనే దాని మీద రీప్రో (అంటే తర్వాత తీసిన నకలు) అని స్లిప్ అంటించాడు, మంచి మనిషి.

లంచ్ బాక్స్ అయితే వేరే కథ. 1965లో కింగ్-సీలీ థర్మోస్ వేసినది స్టీల్ డబ్బా, బరువుగా ఉంటుంది, బొమ్మలు నేరుగా రేకు మీదే అచ్చేశారు. తర్వాత వచ్చిన గిఫ్ట్ డబ్బాలు పల్చటి రేకు, నొక్కితే లోపలికి పోతాయి. అంచుల దగ్గర రంగు పోవడం సహజం, అస్సలు పోలేదంటేనే అనుమానించాలి. చీకట్లో యూవీ టార్చ్ వేసి చూస్తే తర్వాత పూసిన రంగు చాలాసార్లు విడిగా మెరుస్తుంది. లోపల ఫ్లాస్క్ ఉందా, ఉంటే దాని గాజు పగిలిందా అని అడగండి, మెల్లగా ఊపితే గలగలమంటే ఇంక చెప్పేదేముంది.

రెమ్కో బొమ్మలు హెర్మన్, లిలీ, గ్రాండ్‌పా అని మూడు, తలలు మెత్తటి వినైల్ ప్లాస్టిక్. పాతబడితే ఆ వినైల్ లోంచి నూనెలాంటిది ఊరి చెమట పట్టినట్టు జిగురుగా తయారవుతుంది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో బిగించి దాచకండి, వేడి తగలనివ్వకండి. ఇదే గొడవ ఏఎంటీ వాళ్ల మన్‌స్టర్ కోచ్ కిట్‌తోనూ (పార్టులు అతికించి మనమే కట్టుకునే మోడల్) ఉంది, అదే సీరియల్లో వాళ్లు తిరిగే, కస్టమ్ కార్లు చేసే జార్జ్ బారిస్ షాపు కట్టిన ఆ పొడుగాటి కారు. కిట్‌లో టైర్లు వినైల్, మిగతా బాడీ స్టైరీన్ అనే గట్టి ప్లాస్టిక్, ఏళ్ల తరబడి టైరు ఆనుకుని ఉన్న చోట పక్క పార్టు కరిగి గుంట పడిపోతుంది. పెట్టె తెరవని సీల్డ్ కిట్ అని ఎక్కువ రేటు చెప్తే నేనైతే వెనక్కి తగ్గుతా, ఆ ప్లాస్టిక్ ర్యాపర్ ఎవరైనా ఇంట్లో హీట్ గన్‌తో వేసేయొచ్చు, లోపల టైర్లు ఏం చేసి పెట్టాయో మనకి కనపడదు. తెరిచి ఉండి, పార్టులన్నీ లెక్కకి ఉన్నదే నా ఓటు. ఆరోరా కిట్‌కైతే ఇంకా జాగ్రత్త, 90ల్లో పోలార్ లైట్స్ వాళ్లు ఆ పాత కిట్లని చాలావరకు అచ్చం అలాగే మళ్లీ తెచ్చారు. కట్టుకోవడానికైతే అవే హాయి, చవక, ఒరిజినల్ అని అమ్మితేనే తప్పు.

తాడు లాగితే మాట్లాడే మ్యాటెల్ హెర్మన్ పప్పెట్ గురించి కూడా అడుగుతారని తెలుసు, అందరూ అడుగుతారు. లోపల చిన్న రికార్డు ఉంటుంది, దాన్ని తిప్పే రబ్బరు బెల్ట్ ఇన్నేళ్లకి గట్టిపడో సాగిపోయో ఉంటుంది, అందుకే ఎక్కువశాతం మూగవే. రిపేర్ చేసేవాళ్లున్నారు కానీ బట్టని విప్పి కుట్టాలి, ఆ కుట్టు చూడగానే తెలిసిపోతుంది. మూగదే కొని అలా ఉంచేయండి, తాడు మాత్రం పదేపదే లాగొద్దు.

మొదలెక్కడా అంటే, లీఫ్ కంపెనీ వేసిన, సీరియల్ ఫోటోలున్న కలెక్షన్ కార్డులతో మొదలుపెట్టండి. సెట్‌కి 72, విడివిడిగా కూడా దొరుకుతాయి, చోటు తినవు, లూప్ పట్టుకోవడం కూడా వాటి మీదే అలవాటవుతుంది. ఆన్‌లైన్‌లో రేటు చూసేటప్పుడు అడుగుతున్న రేట్లు కాదు, అమ్ముడైపోయినవాటి లిస్ట్ తెరిచి చూడండి, రెండిటికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంటుంది. ఏదైనా కొనేముందు ఫోటో పెడితే చూసి చెప్తా, వెనకవైపు, అడుగువైపు కూడా తీసి పెట్టండి.