బైక్ దిగాక చెవులు గుయ్‌మంటున్నాయి... ప్లగ్ పెడితే నొప్పి! ఏది కొనాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం. నెలకు రెండు మూడుసార్లు బైక్ మీద విజయవాడలోని మా ఇంటికి వెళ్లొస్తుంటాను. ఫుల్‌ఫేస్ హెల్మెట్ పెట్టుకుంటాను, 80–90 స్పీడ్‌లో వెళ్తాను. బండి దిగాక చెవులు దిబ్బడేసినట్టుండి రాత్రంతా గుయ్‌మంటుంటాయి. పొద్దున్నకు తగ్గిపోతుంది. ఫ్రెండ్ చెబితే నారింజ రంగు ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు కొన్నాను. చౌటుప్పల్ దాటేసరికి కుడి చెవి నొప్పి మొదలవుతుంది. హెల్మెట్ తీసి పెట్టుకునేటప్పుడు ప్లగ్ కూడా ఊడొస్తుంది. చివరికి తీసి జేబులో వేసుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో బైకర్ల కోసం ప్రత్యేకంగా ఖరీదైన ప్లగ్‌లు ఉన్నాయి, అవి కొనాలా? ప్లగ్ పెట్టుకుంటే వెనకొచ్చే లారీ హారన్ వినపడదేమోనని ఇంట్లో భయపడుతున్నారు. నాకు కళ్లజోడు కూడా ఉంది.
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పొద్దున్నకు తగ్గిపోతోంది కదా అని ఆ గుయ్‌మనడాన్ని మీరు తేలిగ్గా తీసుకుంటున్నట్టున్నారు. ముందు దాని సంగతి చూద్దాం. లోపలి చెవిలో, నత్త ఆకారంలో ఉండే కాక్లియాలో, శబ్దాన్ని పట్టే సన్నని కణాలుంటాయి. ఒక్కో చెవిలో సుమారు 15 వేలు. గంటల తరబడి పెద్ద శబ్దం పడితే అవి అలసి మొద్దుబారతాయి. దిబ్బడ, హోరు దాని లక్షణాలే. రాత్రి నిశ్శబ్దంలో చాలావరకు కోలుకుంటాయి. కానీ నెలనెలా, ఏళ్ల తరబడి అదే దెబ్బ తగులుతుంటే కొన్ని చనిపోతాయి. చనిపోయినవి మళ్లీ పుట్టవు, మందులతో పుట్టించలేం.

ఈ శబ్దం బండిది అనుకుంటారు చాలామంది. సైలెన్సర్ మార్చిన బుల్లెట్ల సంగతి వేరే గానీ, మామూలు బండి మీద 60–65 స్పీడ్ దాటాక ఇంజిన్ శబ్దాన్ని గాలి హోరు మింగేస్తుంది. హెల్మెట్ అంచుల దగ్గర, ముఖ్యంగా గడ్డం కింది ఖాళీ దగ్గర, గాలి సుడి తిరగడం వల్ల పుట్టే శబ్దం అది. హెల్మెట్ లోపల, చెవి దగ్గర మైక్ పెట్టి కొలిచినప్పుడు 60 కిలోమీటర్ల వేగంలో 90 డెసిబెల్స్ దాకా, 160లో 110 దాకా తేలింది. మీ వేగానికి 90–95 మధ్య ఉంటుందనుకోవచ్చు. హెల్మెట్ తలను కాపాడుతుంది, అందులో సందేహం లేదు. గాలి హోరులో ఎక్కువ భాగం బొంగురు (తక్కువ ఫ్రీక్వెన్సీ) శబ్దం కాబట్టి దాన్ని మాత్రం పెద్దగా ఆపలేదు. ఖరీదైన హెల్మెట్ కొన్నా ఈ విషయంలో తేడా కొంతే.

అమెరికాలో పనిచేసేవారి ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకు ఎనిమిది గంటల వరకు ఉండొచ్చు. అక్కణ్నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండు, 94 అయితే ఒక్క గంట. మన ఫ్యాక్టరీల నిబంధనలు కాస్త ఉదారంగా 90 డెసిబెల్స్‌కు ఎనిమిది గంటలు ఇస్తాయి. ఆ లెక్కన చూసినా 95 దగ్గర నాలుగు గంటలే. విజయవాడ 270 కిలోమీటర్లు. టీకి, టిఫిన్‌కి ఆగే సమయం తీసేసినా కనీసం మూడు గంటలు బండి మీదే ఉంటారు, అంటే నియోష్ లెక్క దాటేసినట్టే. కాబట్టి మీకు ప్లగ్ అవసరమే.

ఇప్పుడు ఏది కొనాలన్న విషయం. ప్యాకెట్ మీద ఎన్‌ఆర్‌ఆర్ (శబ్దాన్ని ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో చెప్పే రేటింగ్) 29, 33 అని అంకెలు చూసి ఎక్కువున్నది కొనేస్తుంటారు. (యూరప్ నుంచి వచ్చేవాటి మీద ఎస్‌ఎన్‌ఆర్ అని ఉంటుంది, అది వేరే కొలత, రెండింటినీ పోల్చకండి.) అవి ల్యాబ్‌లో, నేర్పించి పెట్టించినప్పుడు వచ్చే అంకెలు. ఫోమ్ ప్లగ్ విషయంలో వాటిని సగానికి సగం తగ్గించుకోమంటుంది నియోష్. అంటే 33 రాసి ఉంటే 16 దక్కుతుందని లెక్క. అదైనా చాలు, చెవికి చేరే మోత బాగా తగ్గుతుంది. కానీ చౌటుప్పల్‌లో తీసి జేబులో వేసుకుంటే అంకె ఎంతుంటే మాత్రం ఏం లాభం?

ఇక్కడ చాలామందికి తెలియని లెక్క ఒకటుంది. నిజంగానే 30 డెసిబెల్స్ తగ్గించే ప్లగ్‌ని మీరు సగం దారి మాత్రమే పెట్టుకున్నారనుకోండి. మొత్తం ప్రయాణానికి దక్కే రక్షణ 15 అనుకుంటాం. దక్కేది 3 మాత్రమే. పదింట తొమ్మిది వంతులు పెట్టుకుని, ఒక్క వంతు తీసేసినా 30 కాస్తా 10కి పడిపోతుంది. డెసిబెల్ లెక్క కూడికలతో నడవదు, ప్లగ్ లేని ఆ కాసేపట్లో చెవికి చేరే శబ్దశక్తి మిగతా దారంతటిలో చేరినదాన్ని మించిపోతుంది. అందుకే 17 డెసిబెల్స్‌దైనా సరే, నందిగామ దాకా చెవిలో ఉందన్న సంగతే గుర్తురాని ప్లగ్ మీకు మంచి ప్లగ్. సౌకర్యాన్ని మొదట చూడండి, అంకె తర్వాత.

మరి నొప్పి ఎందుకు? మూడు నాలుగు కారణాలు ఉండొచ్చు. మీకు కుడి చెవే నొప్పి అన్నారు, అది ఉపయోగపడే సమాచారం. రెండు చెవుల రంధ్రాలూ ఒకే కొలతలో ఉండాలని లేదు. ఎడమకు సరిపోయిన ప్లగ్ కుడికి లావు కావచ్చు. ఫోమ్ ప్లగ్‌లలో చిన్న సైజు కూడా దొరుకుతుంది, కుడికి అది, ఎడమకు ఇది పెట్టుకోవచ్చు, తప్పేమీ లేదు. రెండోది, ప్లగ్ లోపలికి వెళ్లకపోవడం. మా క్లినిక్‌లో ఎవరినైనా ‘పెట్టుకుని చూపించండి’ అంటే చాలామంది ప్లగ్‌ని రెండు వేళ్ల మధ్య కాస్త నొక్కి, చెవి మొదట్లో కూరి వదిలేస్తారు. సగం బయటే ఉంటుంది. దాని మీద హెల్మెట్ లోపలి స్పాంజ్ వచ్చి నొక్కుతుంది. గంటసేపు ఆ ఒత్తిడి పడితే నొప్పి రాక ఏమవుతుంది? హెల్మెట్ తీసేటప్పుడు ఆ స్పాంజే ప్లగ్‌ని ఈడ్చుకొస్తుంది. మీ రెండు ఫిర్యాదులకూ మూలం ఇదేనని నా అనుమానం.

మూడోది కళ్లజోడు. హెల్మెట్ పెట్టుకున్నాక కళ్లజోడు కాడలు చెవి పైభాగాన్ని ఎముకకు ఒత్తేస్తాయి. ఆ నొప్పిని ప్లగ్ ఖాతాలో వేస్తుంటారు. ఒకసారి ప్లగ్ లేకుండా, కళ్లజోడు, హెల్మెట్ మాత్రం పెట్టుకుని ఇంట్లోనే అరగంట కూర్చోండి. నొప్పి వస్తే దొంగ దొరికినట్టే. కాడలు సన్నగా, తిన్నగా ఉండే ఫ్రేమ్ బైక్ కోసం ఒకటి ఉంచుకోండి. నాలుగోది, చెవి రంధ్రం గోడలో ఇన్‌ఫెక్షన్. చెవి రంధ్రానికి ముందు చిన్న బొడిపెలా ఉంటుందే, దాన్ని వేలితో నొక్కండి. చురుక్కుమంటే ప్లగ్‌ల ప్రయోగం ఆపి ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోండి.

ఫోమ్ ప్లగ్ పెట్టే పద్ధతి చెబుతాను, చాలామంది చదవకుండా దాటేసే భాగం ఇదే కనుక కాస్త నిదానంగా చదవండి. చేతులు కడుక్కుని, ప్లగ్‌ని బొటనవేలు, చూపుడువేలు మధ్య దొర్లిస్తూ ముడతలు పడకుండా సన్నటి పుల్లలా చేయాలి. నొక్కడం వేరు, దొర్లించడం వేరు. చెవి రంధ్రం తిన్నగా ఉండదు, కాస్త వంపు తిరిగి ఉంటుంది. అందుకే కుడి చెవికి పెట్టేటప్పుడు ఎడమ చేతిని తల వెనక నుంచి తెచ్చి కుడి చెవి పైభాగాన్ని పైకి, వెనక్కి లాగాలి. అప్పుడు వంపు తిన్నగా అవుతుంది. ప్లగ్ ఉబ్బకముందే లోపలికి జార్చి, వేలి కొసతో 30 సెకన్లు అలాగే పట్టుకోవాలి. సరిగ్గా కూర్చుంటే ఎదురుగా నిలబడి చూసేవారికి ప్లగ్ దాదాపు కనిపించదు. మీ గొంతు మీకే బొంగురుగా, తల లోపలి నుంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. ఇంజిన్ స్టార్ట్ చేసి రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసి చూడండి. మూసినప్పుడు శబ్దం ఇంకా బాగా తగ్గిందంటే ప్లగ్ సరిగా కూర్చోలేదు, తీసి మళ్లీ పెట్టండి. ఇదంతా ఇంటి దగ్గర, తీరిగ్గా నేర్చుకోవాలి. టోల్‌గేట్ పక్కన నిలబడి కాదు.

తీసేటప్పుడు నెమ్మదిగా తిప్పుతూ తీయండి. గట్టిగా బిగిసిన ప్లగ్‌ని ఒక్కసారి లాగితే లోపల గాలి పీల్చినట్టయి కర్ణభేరి నొప్పి పెడుతుంది.

పద్ధతి మారాక కూడా ఫోమ్ పడకపోతే అప్పుడు ఖరీదైనవాటి గురించి ఆలోచించండి. బైకర్ల కోసం అమ్మేవి ఎక్కువగా మెత్తటి రబ్బరు లాంటి పదార్థంతో, లోపల చిన్న ఫిల్టర్‌తో ఉంటాయి. మాటను, హారన్‌ను కాస్త స్పష్టంగా రానిస్తాయి, కడిగి మళ్లీ వాడుకోవచ్చు. కొనేముందు ఒక్కటి చూడండి: తోక బయటికి పొడుచుకొచ్చే రకమా, చెవి లోపలే ఒదిగిపోయే రకమా? తోక ఉన్నవి పడుకోవడానికీ, హెల్మెట్‌కీ పనికిరావు. రెండు మూడు సైజుల టిప్‌లు డబ్బాలో ఇచ్చే బ్రాండ్ అయితే మేలు. చెవి అచ్చు తీసి చేయించుకునేవి వీటన్నిటికంటే సుఖం. ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుడు) దగ్గర మెత్తటి పేస్ట్ చెవిలో నింపి అచ్చు తీస్తారు. అక్కడ ‘హెల్మెట్ కింద పెట్టుకోవడానికి’ అని ముందే చెప్పండి, బయటి భాగం పల్చగా చేస్తారు. ధర కొన్ని వేలల్లో ఉంటుంది. మీలా హైవే మీద తరచూ తిరిగేవారికి అది వృథా ఖర్చు కాదంటాను. కానీ మొదటి మెట్టు అది కాదు. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల ఫ్యాక్టరీల సేఫ్టీ సామాన్లు అమ్మే షాపుల్లో రెండు మూడు రకాల ఫోమ్ ప్లగ్‌లు తలా కాసిన్ని తెచ్చుకుని ప్రయత్నించడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ.

లారీ హారన్ భయం ఇంట్లోవాళ్లకు ఉండటం సహజం. ప్లగ్ గాలి హోరును, హారన్‌ను రెండింటినీ తగ్గిస్తుంది. రెండింటి మధ్య తేడా అలాగే ఉంటుంది కాబట్టి హోరులోంచి పైకి వినిపించే హారన్ ప్లగ్ ఉన్నా పైకే వినిపిస్తుంది. పైగా 95 డెసిబెల్స్ మోతలో చెవి శబ్దాలను సరిగా విడదీయలేదు. మోత తగ్గాక హారన్ ఇంకా తేటగా వినపడుతోందని చెప్పేవారూ ఉన్నారు. ఇది వినికిడి మామూలుగా ఉన్నవారి మాట. ఇప్పటికే చెవుడు మొదలైనవారికి ప్లగ్ వల్ల ఇబ్బంది కావచ్చు, వారు పరీక్ష చేయించుకున్నాకే వాడాలి. సిటీలో సంగతి మళ్లీ వేరు. ఎల్బీనగర్ ట్రాఫిక్‌లో 30 స్పీడ్‌లో వెళ్తుంటే గాలి హోరు ఉండదు, పక్క నుంచి దూసుకొచ్చే ఆటో చప్పుడు కావాలి. అక్కడ ఫోమ్ ప్లగ్ అవసరం లేదు. ఊరు దాటాక బండి ఆపి పెట్టుకోండి. అద్దాలు చూసే అలవాటు ప్లగ్ ఉన్నా లేకున్నా ఉండాల్సిందే అనుకోండి.

ప్లగ్ బదులు దూది పెట్టుకోవడం మన దగ్గర మామూలు. చలిగాలికి ఏమో గానీ శబ్దానికి దూది దాదాపు సున్నా, పైగా పోగులు లోపల ఉండిపోతాయి. ఇయర్‌ఫోన్స్‌లో పాటలు పెట్టుకుంటే హోరును మించి వినపడాలని వాల్యూమ్ పెంచుతారు, అంటే 95 మీద ఇంకొంత చేర్చినట్టు. నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్న బడ్స్‌లో చాలావాటిని చెవి రక్షణ పరికరంగా పరీక్షించి ఉండరు. పోలీసుల చలానా సంగతి మీకు తెలిసిందే. దారి చెప్పే మ్యాప్ వినాలంటే హెల్మెట్ లోపల అమర్చే స్పీకర్ వాడి, చెవిలో ప్లగ్ అలాగే ఉంచండి.

హోరును మొదట్లోనే కొంత తగ్గించే మార్గాలూ ఉన్నాయి. హెల్మెట్ వదులుగా ఉంటే మార్చండి. వైజర్ పూర్తిగా మూయండి. గడ్డం కింది ఖాళీని మూసే చిన్న గుడ్డ కర్టెన్ దొరుకుతుంది, మెడకు స్కార్ఫ్ చుట్టి కొసలు చొక్కాలో దోపుకున్నా పనికొస్తుంది. పట్టీ మాత్రం ఎప్పట్లాగే బిగుతుగా ఉండాలి. బండి ముందు గాలిని ఆపే అద్దం (విండ్‌షీల్డ్) బిగించుకున్నారా? దాని పై అంచు నుంచి వచ్చే గాలి సరిగ్గా హెల్మెట్‌ను కొడుతుంటే అద్దం లేనప్పటికంటే మోత పెరుగుతుంది. కాస్త వంగగానే హోరు ఒక్కసారిగా తగ్గుతోందంటే తప్పు ఆ అద్దం ఎత్తుదే.

మన వాతావరణంలో ఇంకో ఇబ్బంది ఉంది. చెమట, తేమ, మురికి ప్లగ్ కలిస్తే చెవిలో ఫంగస్ పట్టడానికి అంతకంటే ఏం కావాలి? వానాకాలంలో మా దగ్గరికి వచ్చే చెవి దురదల్లో ఫంగస్‌వే ఎక్కువ. ఫోమ్ ప్లగ్ మురికిపట్టినా, గట్టిపడినా పారేయండి. రబ్బరు రకాన్ని సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టండి. ప్లగ్ కోసమని గులిమి తీయడానికి పిన్నీసులు, బడ్స్, కాచిన నూనె వాడొద్దు. గులిమి ఎక్కువున్నవారికి ప్లగ్ దాన్ని లోపలికి తోసి దిబ్బడ తెస్తుంది, మేం శుభ్రం చేశాక వాడుకోవచ్చు. చెవి కారేవారు, కర్ణభేరికి రంధ్రం ఉన్నవారు డాక్టర్‌ను అడగకుండా ఏ ప్లగ్గూ పెట్టుకోకూడదు.

మీరు ఒకసారి ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించుకోండి. ముందురోజు నుంచీ హైవే ప్రయాణం లేకుండా చూసుకోండి, లేదంటే అలసిన చెవిని కొలిచినట్టవుతుంది. శబ్దం వల్ల దెబ్బ మొదలైతే గ్రాఫ్‌లో 4000 హెర్ట్జ్ (కీచు శబ్దాల స్థాయి) దగ్గర గుంట కనిపిస్తుంది. ఆ దశలో మాట బాగానే వినిపిస్తుంది కాబట్టి మనిషికి తెలియదు. తర్వాత్తర్వాత హోటల్ గోలలో ఎదుటివారు ‘పప్పు’ అన్నారా ‘కప్పు’ అన్నారా అని తడబడటం మొదలవుతుంది. హైదరాబాద్ కోఠిలో, విశాఖపట్నంలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులున్నాయి, ఈ పరీక్ష ఖరీదైనదేమీ కాదు.

గుయ్‌మనడం రెండు రోజులు దాటినా, ఒక్క చెవిలోనే వస్తున్నా ఆలస్యం చేయకుండా వచ్చేయండి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోయినా, కళ్లు తిరిగినా అదే రోజు చూపించుకోవాలి. హఠాత్తుగా వచ్చే చెవుడుకు స్టెరాయిడ్ చికిత్స ఎంత త్వరగా మొదలుపెడితే అంత ఉపయోగం. పరీక్షకు వచ్చేటప్పుడు మీ హెల్మెట్, కళ్లజోడు, జేబులో వేసుకున్న ఆ నారింజ ప్లగ్‌లు వెంట తెచ్చుకోండి. డాక్టర్ ముందే పెట్టుకుని, పైన హెల్మెట్ పెట్టి చూపిస్తే ఎక్కడ ఒత్తుతోందో అక్కడే తేలిపోతుంది.