ఏడాదంతా రకరకాలు చదివాక నాకు మిగిలిన పుస్తకాలు

ఈ ఏడాది చదివినవాటిలో ఏవి గుర్తుండిపోయాయి, ఒకే రకం పుస్తకాలు చదవడం మేలా, అన్నీ కలిపి చదవడం మేలా అని మీరు రెండు ప్రశ్నలు అడిగారు. నేను కలిపే చదివాను. నవల, యాత్ర, ఆత్మకథ, డిటెక్టివ్, ఏది దొరికితే అది. తీరా చూస్తే నాకు నచ్చినవన్నీ ఒకే జాతివని తేలింది. మనుషులు ఏం తింటున్నారు, నేల ఎవరిది, ఊళ్లో నీళ్లు ఎలా ఉన్నాయి అని పట్టించుకునే పుస్తకాలు. మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూసేవాణ్ణి కాబట్టి నా బుద్ధి అటే పోతుందేమో, ఆ మేరకు తగ్గించి చదువుకోండి.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది 'వనవాసి'. బెంగాలీలో బిభూతిభూషణ్ బందోపాధ్యాయ రాసిన 'ఆరణ్యక్'కి సూరంపూడి సీతారాం గారి అనువాదం. కలకత్తాలో ఉద్యోగం లేక తిరుగుతున్న సత్యచరణ్ బీహార్ అడవుల్లో ఒక ఎస్టేటుకి మేనేజర్‌గా వెళ్తాడు. అడవిని ముక్కలు చేసి రైతులకు కౌలుకివ్వడమే అతని పని. మెల్లగా ఆ అడవి మీద ప్రేమ పుడుతుంది, పని మాత్రం ఆగదు. రచయిత కూడా 1920లలో భాగల్పూర్ వైపు ఎస్టేటు ఉద్యోగం చేసినవాడే. అందుకే కౌలు, సలామీ (కౌలు ఇచ్చేటప్పుడు ముందుగా తీసుకునే సొమ్ము), పంట తగాదాల సంగతులు అంత నమ్మకంగా ఉంటాయి.

నన్ను పట్టుకున్నది ప్రకృతి వర్ణన కాదు. ఆ చుట్టుపక్కల జనం రోజూ తినేది చీనా అనే గడ్డి గింజలు. కొత్త మేనేజరు వచ్చాడు, అక్కడ అన్నం పెడతారట అని తెలిసి, పిలవకపోయినా దూరం నుంచి నడిచి వస్తారు కొందరు. అన్నం తినడానికి! పొద్దున లేస్తే బస్తాలు, క్వింటాళ్లు, తేమ శాతం, నూక శాతం అంటూ బతికే నేను ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు బయట తిరిగొచ్చాను. యుగళప్రసాద్ అని ఒకడున్నాడు. ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కలూ విత్తనాలూ తెచ్చి అడవిలో నాటుతుంటాడు, ఎవరూ అడక్కుండానే, జీతం లేకుండానే. గిరిజన రాజవంశానికి చెందిన భానుమతి అనే అమ్మాయిని భారతదేశం పేరు విన్నావా అని అడిగితే, వినలేదు, అది ఎటువైపు ఉంది అంటుంది. ఆ చిన్న జవాబు పెట్టేసి రచయిత మాట్లాడకుండా ఊరుకున్నాడు. ఇంకొకరైతే అక్కడ ఒక పేజీ ఉపన్యాసం దంచేవారు.

రెండోది ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒక భాష మాటల్ని ఇంకో భాషలో చెప్పేవాడిగా, పనిచేసిన ఈయన 1830 మే నెలలో బయల్దేరి హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ మీదుగా కాశీ వెళ్లి, కలకత్తా, పూరీ మీదుగా మన కోస్తా వెంబడి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. దారిలో స్నేహితుడు శ్రీనివాస పిళ్లెకు రాసిన సంగతులే 1838లో పుస్తకంగా అచ్చయ్యాయి. దీన్ని ఏకబిగిన చదవాలని చూడకండి, విసుగొస్తుంది. ఊరు, మజిలీ, బాట ఎలా ఉంది, బావి ఉందా, సరుకులు దొరుకుతాయా, దిగడానికి చోటుందా, ఏ నాణెం చెల్లుతుంది... ఇదే వరస. నేను మాత్రం ఫోన్‌లో మ్యాప్ తెరిచి పెట్టుకుని, రాత్రిపూట రెండు మూడు మజిలీల చొప్పున నడిచాను. పుణ్యం కోసం బయల్దేరిన మనిషి రొట్టెల పిండి దగ్గర్నుంచి పల్లకీ మోసే బోయీల కష్టం దాకా అన్నీ గమనిస్తాడు. భాష పాతదే గానీ కావ్యభాష కాదు, నాలుగు పేజీలు పోతే అలవాటవుతుంది.

చంద్రలత 'రేగడి విత్తనాలు' (1997లో అమెరికా తెలుగువారి సంఘం తానా పెట్టిన నవలల పోటీలో బహుమతి పొందింది) నాకు ఇంటి పక్క సంగతిలా అనిపించింది. కోస్తా నుంచి తెలంగాణకు వలస వచ్చి నల్లరేగడిలో సేద్యం చేసిన రైతుల కథ. మా వైపు సాగర్ కాల్వ కింద అలాంటి కుటుంబాలు ఎన్నో. మా మిల్లుకు వడ్లు తోలే రైతుల్లో కొందరి తాతలు అలా వచ్చినవాళ్లే. విత్తనం దగ్గర రైతు ఎలా చిక్కుకుంటాడో ఇందులో చదివితే తెలుస్తుంది. కొన్నిచోట్ల సాగదీశారు అనిపించింది, అయినా వదలబుద్ధి కాలేదు.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి 'అనుభవాలూ జ్ఞాపకాలూను' గురించి మీ అందరికీ తెలిసే ఉంటుంది. వేదం, సంస్కృతం తప్ప తెలుగుని చదువుగా లెక్కపెట్టని ఇంట్లో పుట్టి తెలుగు కథకుడు కావడం అంటే ఎంత పోరాటమో అందులో ఉంది. ఆయన పట్టుదలలన్నీ మనకు నచ్చకపోవచ్చు. నాకు కొన్నిచోట్ల చిరాకేసింది కూడా. వాక్యం మాత్రం, అబ్బ! పక్కన కూర్చోబెట్టి వినిపించినట్టే.

ఇక నచ్చనిది. ఇరవై ఏళ్ల వయసులో నేను తల మీద పెట్టుకున్న 'చివరకు మిగిలేది' ఈసారి సగంలోనే ఆగిపోయింది. బుచ్చిబాబు గారి అభిమానులు కోప్పడొద్దు. కథానాయకుడు దయానిధి డాక్టరు కదా, కోమలి గురించీ అమృతం గురించీ అన్నన్ని ఆలోచనలు చేస్తున్న మనిషి రోగుల్ని ఎప్పుడు చూస్తాడు, ఇంటి ఖర్చు ఎలా వెళ్తుంది అన్న టెన్షన్ నాకు పట్టుకుంది. అలా ఆలోచించేవాడు ఆ నవలకు తగిన పాఠకుడు కాడు, ఒప్పుకుంటాను. మీ వయసు పాతిక లోపైతే తప్పకుండా చదవండి.

మధ్యమధ్యలో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు, ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నవి. యుగంధర్, అసిస్టెంట్ రాజు, కారు, హత్య, హాయి. మార్చి నెల ఇయర్ ఎండింగ్ పనుల్లో ఇవి తప్ప ఇంకేవీ కళ్లకు ఎక్కలేదు.

మీ రెండో ప్రశ్నకి, ఒకే రకమా కలిపా అన్నదానికి: కలిపే చదవండి. వనవాసి, రేగడి విత్తనాలు వరసగా చదివాను కాబట్టే, అడవి కొట్టి పొలం చేసిన మేనేజరూ, ఆశతో నేల కొనుక్కుని వచ్చిన రైతూ ఇద్దరూ ఒకేసారి నా ముందు నిలబడ్డారు. విడివిడిగా చదివుంటే ఒకరి మీద కోపం, ఒకరి మీద జాలి, అంతటితో అయిపోయేది. మొదలుపెట్టేది మాత్రం వనవాసితో. అది నడుస్తుండగా కాశీయాత్ర రాత్రిపూటకి పెట్టుకోండి. శ్రీపాదని సెలవుల్లో తీయండి, మధ్యలో ఆపితే మళ్లీ అందుకోవడం కష్టం.